నాన్నకు కనపడని ఎరుపు

మొన్న మా అక్క కొడుకు శ్రీకర్ ఏదో గృహప్రవేశానికని నరసరావుపేట వచ్చాడు. భోజనాలయ్యాక మా ఇంట్లో కాసేపు నడుం వాల్చి వెళ్తానన్నాడు గాని వాల్చలేదు. హాల్లో ఫ్యాను కింద చాప వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. హైదరాబాదులో ఏదో కంపెనీకి సర్వర్లు చూసుకునే ఉద్యోగం వాడిది. సెలవు పెట్టినా అవి వాడిని వదలవట. కాఫీ తీసుకెళ్ళి పక్కన కూర్చుని తెర వైపు చూశాను. నల్లటి తెర మీద వరసలు వరసలుగా అక్షరాలు పోతున్నాయి. అలాంటి తెర నాకు కొత్తేం కాదు, ఒకప్పుడు దాని ముందు నేనూ కూర్చున్నాను. వింతగా అనిపించింది రంగులే. అంతా పసుపు, లేత నీలం, తెలుపు. ఎరుపన్నది మచ్చుకైనా లేదు.

"ఏందిరా, తప్పులు ఎరుపులో గదా రావాలి?" అన్నాను.

"నాకు ఎరుపు కనపడదు గదా పిన్నీ. నలుపు మీద నలుపు రాసినట్టుంటది. అందుకే ఎర్రగా వచ్చేవన్నీ నీలంలోకి మార్చే చిన్న షెల్ స్క్రిప్టు రాసి పెట్టుకున్నా."

"మీ ఆఫీసులో తెలుసా ఈ సంగతి?"

"తెలీకేం? మా టీంలో ఇట్టాంటోడే ఇంకొకడున్నాడు. వాడికీ ఆ స్క్రిప్టే ఇచ్చా. కాఫీలో పంచదార ఎక్కువైంది పిన్నీ."

పంచదార గురించి చెప్పినంత తేలిగ్గానే కంటి గురించీ చెప్పి మళ్ళీ కీబోర్డు మీద పడ్డాడు. ఈ సంగతి మా నాన్నకూ ఉండేది. ఆయన నుంచే మా అక్క ద్వారా వీడికి వచ్చింది. కాకపోతే వీడు ఊరందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు, ఆయన పెళ్ళయ్యాక మా అమ్మ ఒక్కదానికే చెప్పుకున్నారు. దాచుకోవడానికి కారణం ఉంది. మా నాన్న మిర్చి వ్యాపారి. పేట బజార్లో కమీషన్ కొట్టు. ఎర్ర మిరపకాయలు కొని అమ్మే మనిషికి ఎరుపే కనపడదని తెలిస్తే ఇక ఏ రైతు ఆ గడప తొక్కుతాడు?

మిర్చి కొట్టున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు కొన్ని విద్యలు తెలియకుండానే వస్తాయి. మాకు తుమ్ములు రావు. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం గుమ్మంలోనే మొదలుపెట్టేవాళ్ళు. వంటింట్లో ఉన్న అమ్మ ఆ తుమ్ము విని, "మీ గుంటూరు అత్తయ్య వచ్చినట్టుందే, మంచినీళ్ళు తీసుకుపో" అనేది. మనిషిని చూడకుండా తుమ్ముని బట్టి చుట్టరికం చెప్పగలిగేది. నాన్న సాయంత్రం ఇంటికి రాగానే పంచె, లాల్చీ పెరట్లోనే విడిచి ఒక బకెట్లో వేయాలి. ఆ బకెట్ జోలికి పిల్లలెవరూ పోకూడదు. పోయి, అదే చేత్తో కళ్ళు నలుపుకున్న రోజు ఇక చదువూ లేదు, ఆటా లేదు. పుస్తకాల అట్టలకు, దిండ్లకు, చివరికి పాలకు కూడా ఆ ఘాటు కాస్త పట్టి ఉండేదని ఇప్పటికీ నా అనుమానం. మా అక్క పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన కొత్తలో అక్కడి గాలి చప్పగా ఉందనేది.

నాన్నకు కొన్ని పట్టింపులుండేవి. ఎప్పుడూ తెల్ల బట్టలే కట్టేవారు. కూరగాయల బజారుకు వెళ్ళమంటే ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవారు. అమ్మతో చీరల కొట్టుకు వెళ్తే లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ కబుర్లు చెప్పేవారు. మామిడిపండు పండిందో లేదో ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేవారే గాని చూసి చెప్పేవారు కాదు. పెద్దమనిషి, పెద్ద వ్యాపారి, ఆ మాత్రం పట్టింపులు ఉంటాయిలే అనుకునేవాళ్ళం.

కొట్టులోనూ అంతే. రైతు శాంపిల్ తెచ్చి గోనెపట్టా మీద పోస్తే మిగతా వ్యాపారులంతా ముందు రంగు చూసేవాళ్ళు. నాన్న గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడించేవారు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది, నిమ్ము ఉంటే చప్పుడు చేయదు. తర్వాత తొడిమ పుటుక్కున విరిచి వాసన చూసి, కాయని వేళ్ళ మధ్య నలిపి వదిలేవారు. ఇదంతా కళ్ళు మూసుకునే. "శెట్టిగారికి కళ్ళతో పనేముంది, చెవితో చెప్తాడు" అని బజార్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ గొప్ప నిజమే, కాని పూర్తిగా కాదు. తాలు కాయ, అంటే రంగు పోయిన పనికిరాని కాయ, తెల్లగా ఉంటుంది కాబట్టి అది ఆయనకు తెలిసేది. మంచి ఎరుపున్న కాయకీ, నల్లబారిన కాయకీ, సరిగా పండకముందే కోసి ఎండబెట్టిన కాయకీ ఉన్న తేడా మాత్రం చెవికి దొరకదు.

అది దొరికించేది మా అమ్మ. మిర్చి సీజను మొదలైతే చాలు, శాంపిళ్ళు వచ్చే వేళకి అమ్మ తనే భోజనం క్యారియర్ పట్టుకుని కొట్టుకు వెళ్ళేది. పంపడానికి మనుషులున్నా పంపేది కాదు. వెనక బల్ల మీద కూర్చుని, కుప్ప వైపు ఒకసారి చూసి, "ఇవాళ పప్పు చేశానండీ" అనేది. ఒక్కోసారి "ఇవాళ పులుసండీ" అనేది. పప్పంటే సరుకు రంగు బాగుందని, పులుసంటే రంగు తేడా కాయలు కలిశాయని అర్థం. ఇది నాకు చానా కాలం తెలియదు. పులుసని చెప్పిన రోజు క్యారియర్లో పప్పు ఉండడం చూసి అమ్మకు మతిమరుపు వచ్చిందనుకునేదాన్ని. పక్క కొట్టు పుల్లయ్య బాబాయ్, నాన్నను సొంత అన్నలా చూసుకునే మనిషి, నోరు ఊరుకునేది కాదు. "ఏం వదినా, నువ్వు రోజుకెన్ని కూరలు వండుతావు? ఒక రైతు ముందు పప్పంటావు, ఇంకో రైతు రాంగానే పులుసంటావు!" అనేవాడు. "మీ అన్నయ్యకు రెండూ లేకపోతే ముద్ద దిగదయ్యా" అనేది అమ్మ, తడుముకోకుండా.

నా డిగ్రీ అయిపోయి, పత్రికాఫీసు మెట్లు ఇంకా ఎక్కని రోజుల్లో పేటలో వీధికొక కంప్యూటర్ సెంటరు తెరిచారు. నేనూ ఒక దాంట్లో చేరాను. పేరు వినడానికి బాగుందని యూనిక్స్ తీసుకున్నాను. ఆ తెర మీద బొమ్మలుండవు, నల్లటి తెర మీద మనం ఒక మాట కొడితే అది ఒక మాట చెప్తుంది. నాకది నచ్చింది. సరిగ్గా అప్పుడే వినుకొండ రోడ్డులో నాన్నా, పుల్లయ్య బాబాయ్, ఇంకొందరు వ్యాపారులూ కలిసి నడుపుకునే కోల్డ్ స్టోరేజీకి కంప్యూటర్ వచ్చింది. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు. మిరప టిక్కీలను, అంటే బస్తాలను, ఏసీలో పెట్టాం, ఏసీ నుంచి తీశాం అనుకుంటారు. కంప్యూటర్‌ను అద్దాల గదిలో పెట్టి, తలుపు దగ్గర చెప్పులు విడవాలని బోర్డు రాశారు. మానిటరుకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద పడకుండా మేనేజరు కోటేశ్వరరావు గారు తన భుజం మీది తువ్వాలు అడ్డం పట్టారు.

శెట్టిగారి అమ్మాయికి యూనిక్స్ వచ్చంట అని నన్ను పిలిపించారు. లోపల ఉన్న లాట్లన్నీ, ఒక్కో రైతు సరుకు ఒక్కో లాటు, తెర మీద వరసగా వచ్చేవి, కాని అన్నీ ఒకే తెలుపులో. "అమ్మాయ్, ఏ లాటు అమ్మకానికి రెడీగా ఉందో, ఏది ఇంకా ఆరాలో చూడంగానే తెలిసేట్టు చెయ్యి తల్లీ" అన్నారు కోటేశ్వరరావు గారు. దానికి చిన్న షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు వరసగా రాసిచ్చే ఆజ్ఞలు, చాలు. అక్షరాలకు ముందు ఎస్కేప్ అనే గుర్తు, ఒక బ్రాకెట్టు, ఒక అంకె పెట్టి పంపితే తెర ఆ అంకెని అచ్చు వేయదు, దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుంది. ముప్ఫై ఒకటి అంటే ఎరుపు, ముప్ఫై రెండు అంటే ఆకుపచ్చ. చివర సున్నా పెట్టి ఆపితే మళ్ళీ మామూలు తెలుపు. ఆపడం మర్చిపోతే ఆ తర్వాత వచ్చేదంతా అదే రంగులో పోతుంది. ప్రతి లాటుకూ మేనేజరు ఎక్కించిన వివరం చూసి, రెడీగా ఉంటే ఒక అంకె, ఆరాల్సి ఉంటే ఇంకో అంకె పెట్టమని స్క్రిప్టులో రాశాను. సెంటర్లో నేర్పినట్టే మంచిదానికి ఆకుపచ్చ, ఆగాల్సిన దానికి ఎరుపు.

చూడ్డానికి వచ్చిన వ్యాపారులు గొల్లుమన్నారు. "మంచి సరుక్కి పచ్చరంగు వేశావేందమ్మా?" అన్నాడు పుల్లయ్య బాబాయ్.

"పచ్చంటే వెళ్ళొచ్చని బాబాయ్, ట్రాఫిక్ లైటు లాగా."

"పేటలో ట్రాఫిక్ లైటు నువ్వెక్కడ చూశావే? పచ్చి కాయ పచ్చగా ఉంటది, పండిన కాయ ఎర్రగా ఉంటది. మిర్చోళ్ళకు ఇంకో రూలేంది?"

ఆయన మాట అందరికీ న్యాయంగా తోచింది. నాకూ తోచింది. అంకెలు రెండూ అటుదిటు మార్చేశాను. మంచి లాట్లన్నీ ఎర్రగా, ఆరాల్సినవి పచ్చగా వచ్చాయి. కల్లంలో కాయలు ఆరబోసినట్టుందని అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు బయటి ఊళ్ళ వ్యాపారులు వస్తున్నారు. తెర మీది జాబితా చూసి లాట్లు పిలవాలి. మా వైపు ఏ వేలమైనా అందర్లో పెద్దాయన గొంతుతోనే మొదలవుతుంది. ఇక్కడ పెద్దాయన మా నాన్న.

ఆ మధ్యాహ్నమే ఆయన్ను వెంటబెట్టుకెళ్ళి గర్వంగా చూపించాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టి, ఒక లైను చదివి, నాలుగు వదిలేసి, ఇంకోటి చదివారు. "బాగానే ఉంది గాని, మధ్యలో ఇన్ని ఖాళీలు ఎందుకొదిలావమ్మా?" అన్నారు.

"ఖాళీలేంది నాన్నా? అవే మంచి లాట్లు."

ఆయన మొహం తెరకు దగ్గరగా పెట్టారు. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఆ... ఉన్నయ్, ఉన్నయ్. పద, ఎండ ముదురుతుంది" అని లేచారు. తలుపు దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు నా వైపు చూడలేదు.

నాన్నకు చూపు తగ్గింది, డాక్టరుకు చూపించాలని ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. ఆయన అప్పటికే కొట్టుకు వెళ్ళిపోయారు. అమ్మ చేతిలో బియ్యం చేట కింద పెట్టి, వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చింది.

"చూపు తగ్గలేదు. ఎర్రరంగు మీ నాన్నకు పుట్టినప్పటి నుంచీ లేదు" అంది. "పెళ్ళిచూపుల్లో నేను ఎర్ర పట్టుచీర కట్టుకున్నా. పెళ్ళయినాక ఒకరోజు, ఆ నల్లచీర కట్టుకోవే, అది నీకు బాగుంటది అన్నాడు. నా దగ్గర నల్లచీర లేదే! అప్పుడు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు."

పప్పు సంగతీ, పులుసు సంగతీ నాకు ఆ పూటే తెలిసింది. విని నేను నవ్వాను, అమ్మ కూడా నవ్వింది. తర్వాత ఇద్దరికీ ఒకేసారి మర్నాటి వేలం గుర్తొచ్చింది.

"కొట్టంటే సరే, ఏసీ దగ్గరికి నేను క్యారియర్ పట్టుకొస్తే ఎట్టా ఉంటది? రేపు అంతమందిలో మంచి లాట్లన్నీ వదిలేసి పచ్చివి పిలిచాడంటే ఇక బజార్లో తలెత్తుకోలేడు. ఆ రంగులు తీసెయ్యవే."

"తీస్తే ఎందుకు తీశావంటారు. పుల్లయ్య బాబాయ్ ఊరుకుంటాడా? పోనీ లాట్లు నేను పిలుస్తానని చెప్పనా?"

"ఇన్నేళ్ళూ పిలిచిన మనిషి రేపు కూతుర్ని పిలవమంటే, ఎందుకని అడగరూ?"

అడుగుతారు. ఆ సాయంత్రమంతా ఆలోచిస్తే ఒక దారి కనిపించింది. యూనిక్స్‌లో అక్షరానికే కాదు, అక్షరం వెనక నేలకు కూడా రంగు వేయొచ్చు. దానికి అంకె నలభై ఒకటి. మంచి లాటుకు ఎర్ర అక్షరం బదులు ఎర్రటి నేల వేసి, దాని మీద తెల్ల అక్షరాలు రాస్తే? అందరికీ ఎరుపు కనపడుతుంది, ఇంకా ముదురుగా కనపడుతుంది. నాన్నకు ఆ నేల నల్లగా ఉన్నా తెల్ల అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. పొద్దున్నే ఇంట్లో నుంచి బయల్దేరుతూ, ఆయన కాఫీ తాగుతుంటే, "నాన్నా, ఇవాళ మంచి లాట్లు తెల్ల అక్షరాల్లో ఉంటయ్. ఆరాల్సినవి కాస్త పసుపుగా కనపడతయ్" అన్నాను. ఆయన నన్ను చూశారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మను చూశారు. "సరే" అని గ్లాసు కింద పెట్టారు.

ఏసీకి వెళ్ళి స్క్రిప్టు మార్చి నడిపిస్తే మొదటి లాట్లు ఎర్రటి పట్టీల్లా వచ్చాయి. బాగుందనుకుని కిందిదాకా చూడకుండానే తలుపు తీశాను, అప్పటికే బయట చెప్పుల గుట్ట పెరుగుతోంది. అక్కడే పొరపాటు జరిగింది. ఇంతకుముందు ప్రతి లైనూ తన అక్షరం రంగు తనే తెచ్చుకునేది కాబట్టి మధ్యలో ఆపే పని లేదు, జాబితా చివర ఒక్క సున్నా చాలేది. ఇప్పుడు నేలకు రంగు వేశాను, దాన్ని పచ్చ లైనుకి ముందు ఆపాలి. ఆపలేదు.

నాన్న కుర్చీలో కూర్చున్నారు. వెనక పుల్లయ్య బాబాయ్, మేనేజరు, మిగతావాళ్ళూ, అద్దం అవతల బయటి ఊళ్ళ వ్యాపారులు. మొదటి లాట్లు ఖంగుమనే గొంతుతో పిలిచారు. అంతలో పచ్చ లైను వచ్చింది, ఎర్రటి నేల మీద. ఆ రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి పడితే అక్షరాలు నిలబడవు, వణుకుతాయి. ఆ కాలపు మానిటరు మీద మరీ అలికినట్టుగా ఉంది.

"ఏందమ్మాయ్ ఇది, అక్షరాలు ఎగురుతున్నయ్!" అన్నారు కోటేశ్వరరావు గారు.

"కళ్ళల్లో కారం కొట్టినట్టుంది. ఆపు, ఆపు" అన్నాడు పుల్లయ్య బాబాయ్.

చెయ్యి కీబోర్డు మీదికి పోనిచ్చాను. నాన్న నా చెయ్యి పక్కకు తోసి, ఆ లైను చదివారు. లాటు నంబరు, రైతు ఊరు, టిక్కీలు. "ఇది ఇంకా ఆరాలి. ఇవాళ పాటకు రాదు" అని తర్వాతి లైనుకు వెళ్ళారు. అక్కడా తడబడలేదు. వెనకవాళ్ళు కళ్ళు నలుపుకుంటూ, తల అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటే ఆయన ఒక్కరే, పేపరు చదువుతున్నట్టు, ఆ కనపడని లైన్లన్నీ చదువుకుంటూ పోయారు. నాగపూర్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయనకు నమ్మకం కలగక, టిక్కీకి కట్టిన చీటీ తెప్పించి చూసుకున్నాడు. నాన్న చెప్పిందే ఉంది.

"కళ్ళు మూసుకుని కాయ చెప్తాడు, కళ్ళు తెరిచి ఇది చదువుతాడు!" అన్నాడు పుల్లయ్య బాబాయ్. "పొద్దున ఏం తిన్నావన్నా?"

"పప్పు" అన్నారు నాన్న, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

వేలం ముగిసి, నేను స్క్రిప్టులో ఆ సున్నా పెట్టాల్సిన చోట పెట్టి, ఇద్దరం స్కూటర్ మీద బయల్దేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. కొంతదూరం పోయాక, "వాళ్ళకు నిజంగానే కనపడలేదా?" అన్నారు.

"లేదు నాన్నా. నేల ఎరుపు, అక్షరం పచ్చ. రెండూ కొట్టుకుంటయ్. నీకు నేల నల్లగా ఉంటది గదా, అందుకని..." అని ఆగిపోయాను. ఆయన ముందు ఆ మాట అనడం అదే మొదలు. స్కూటర్ కాస్త నెమ్మదించింది. వెనక కూర్చున్నదాన్ని, మొహం కనపడలేదు గాని భుజాలు కదలడం కనపడింది. నవ్వుతున్నారు. "పుల్లయ్య కళ్ళు నలుపుకుంటుంటే చూశావూ? పాపం, కళ్ళుండీ చదవలేకపోయాడు" అని మళ్ళీ నవ్వారు.

ఆ స్క్రిప్టు ఆ మానిటరు చెడిపోయేదాకా నడిచింది. ఇప్పుడు మిర్చి రంగు కొలిచే యంత్రాలున్నాయట, జాబితాలు ఫోన్లోకే వస్తాయి, తెర రంగులు ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. శ్రీకర్ లాంటివాళ్ళకు దాచుకోవాల్సిన పనే లేదు. అది ఎంత హాయో నాకు తెలుసు, మా ఇంట్లో దాన్ని దాచడానికి ఎంత పని ఉండేదో చూసినదాన్ని కాబట్టి. అయినా ఒక తేడా తట్టింది మొన్న. వాడు తన స్క్రిప్టు తనే కూర్చుని రాసుకున్నాడు. పక్కవాడి సాయం అక్కర్లేకపోయింది. నాన్న కోసం ఒక మనిషి ఎండలో క్యారియర్ మోసుకుంటూ నడిచింది, వండని పులుసు పేరు చెప్పింది. వాడిది మంచి కాలం. ఆయనది మంచి కాపురం. రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం ఇన్నేళ్ళు వార్తలు రాసిన నాకూ చేతకాదు.

ఊళ్ళోకి వచ్చే ముందు రోడ్డు పక్కన ఒక కల్లం ఉండేది. ఆ వేలం రోజు మేం తిరిగొచ్చేసరికి దాని నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి, చూపు ఆనినంత మేర ఒకటే ఎరుపు. నాన్న స్కూటర్ పక్కకు తీసి, ఒక కాలు కింద ఆనించి ఆపారు.

"నాకది దున్నిన చేను లాగా ఉంటది. నీకెట్టా ఉంటదో చెప్పు."

"ఎర్రగా ఉంటది నాన్నా."

"అది తెలుసులే. ఎరుపంటే ఎట్టా ఉంటది?"

ఆలోచించాను. "వేడిగా ఉంటది" అన్నాను.

"వేడి కనపడేదేంది?"

"అందరికంటే ముందు అదే కళ్ళల్లో పడుద్ది. దూరంగా ఉన్నా దగ్గరికొచ్చినట్టుంటది."

"పుల్లయ్య కూడా అట్టానే ఉంటాడు."

ఇంకా రెండు మూడు రకాలుగా ప్రయత్నించాను. ఏదీ ఆయన దగ్గర నిలవలేదు. చివరికి, "ఏమో నాన్నా, చూస్తే తెలుస్తది" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వేశారు. కల్లంలో కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు తలెత్తి మా వైపు చూశారు. "పెళ్ళయిన కొత్తలో మీ అమ్మనడిగితే ఇదే మాట చెప్పిందే! నిన్ను ఇంత చదివిస్తే నువ్వూ దాని కంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు గదా" అని, నవ్వుతూనే స్కూటర్ కిక్కు కొట్టారు.